ఇసుక తక్కెడ

ఫయా విమానాల మైదానంలో, రేకుల షెడ్డు కింద
నా కొలువు తూకాలు వేయడం.
సైన్యం నాకిచ్చింది ఒక కాటా, ఒక పెన్సిలు,
అట్ట ఊడిన పుస్తకం.
హెలికాప్టర్ ఎక్కేదేదైనా
ముందు నా కాటా ఎక్కాలి.

తెల్లవారుజామున గాలి చిక్కగా ఉంటుంది,
రెండు వేల కిలోలైనా మోస్తుంది.
పది దాటితే
నీళ్ళు కలిపిన ఒంటెపాలలా పలచబడిపోతుంది.
మిట్టమధ్యాహ్నం దాని వీపు మీద
ఒక్క మనిషిని ఎక్కువ పెట్టినా లేవదు.
మొదటి వారం కెప్టెన్ తొగోయ్ ఈ మాట చెప్పాడు,
తర్వాత ఇంకేమీ చెప్పలేదు.

పుస్తకంలో నా దస్తూరీ:
పిండి బస్తాలు, ఎనిమిది వందలు.
తూటాల పెట్టెలు, పదకొండు వందల ఇరవై.
ఖాళీ ఓట్ల పెట్టెలు, నలభై.
అవే నిండి తిరిగొచ్చినప్పుడు, నలభై ఒకటి.
జనరల్ గారి ఏసీ మిషను, తూయనివ్వలేదు.

ఇది వేటాడే జాతి కాదు,
కంచరగాడిద.
వెళ్తూ తూటాలు, వస్తూ గాయాలు.
నేలరేకు అదే,
నేను కడిగే బకెట్టూ అదే.

సాయంత్రం ఫిల్టర్లు విప్పి దులుపుతాను.
ఎర్ర ఇసుకైతే జువార్ దారిలోది,
తెల్లగా నాలుక్కి తగిలితే ఉప్పు గుంటలది,
నల్లగా గరగరలాడితే కొండల్లోది.
రెక్కల అంచుకి అతికించిన టేపు
మూడో రోజుకే పీలికలు.

చీకట్లో దిగేటప్పుడు
ఇసుకరేణువులు రెక్కల్ని ఒరుసుకుని
పైన నిప్పురవ్వల కడియం ఒకటి తిరుగుతుంది.
బార్దాయ్ పిల్లలు ఓసారి చప్పట్లు కొట్టారు.
లోపల ఇద్దరు శవాలై ఉన్నారు.
నేనూ తలెత్తి చూశాను, ఏం దాచను.

ఆ గురువారం ఒంటిగంటకి
ఎండిన వాగులో ఏడుగురు పడి ఉన్నారని రేడియో.
తలుపు దగ్గర బోర్లా పడుకుని
ఎత్తు లెక్కపెడుతున్నాను: పది, ఆరు, నాలుగు.
నాలుగు దగ్గర నేల మాయమైంది.
తొగోయ్ దిగింది నేల మీద కాదు,
నా గొంతు మీద.

దుమ్ము విడిపోయాక చూస్తే ఎనిమిదిమంది.
ఎనిమిదోవాడు అవతలి పక్షం కుర్రాడు,
పసుపు బనీను, మోకాలి కింద కాలు నుజ్జు.
వాడి తల ఒడిలో పెట్టుకుని
బావి కాపలా ముసలమ్మ మార్దో.

తొగోయ్ అద్దంలోంచి వేళ్ళు చూపించాడు. ఆరు.
నీళ్ళ పీపా తోసేశాను. పనిముట్ల పెట్టె.
తలుపు తుపాకీ విప్పి, దాని దండలతో సహా
వాగులో పారేశాను.
మళ్ళీ వేళ్ళు. ఏడు.

మార్దో కుర్రాడి చంకల కింద చేతులు వేసి
సంతలో మేకని ఎత్తినట్టు ఒకసారి ఎత్తి దించింది.
"ముప్పై ఎనిమిది," అంది.
"నువ్వెంత?"
డెబ్బై ఒకటి.

ఎవరి వైపు కాటా మోసమో
నాలుగేళ్ళుగా తేలని
ఇసుక తక్కెడ, పేడ తక్కెడ యుద్ధంలో
ఆ ఒక్క లెక్క సరిపోయింది.

దిగాను.
ఫయాలో సిమెంటు నేల, నా గొంతు అక్కర్లేదు.
అది వంగి, ఈడ్చుకుని, మూరెడు లేచి,
మళ్ళీ నేలని తన్ని, లేచింది.
మా ఇద్దరి కళ్ళలో దుమ్ము కొట్టి పోయింది.

రాత్రంతా మార్దో ఖర్జూరాలు గింజలు తీసి ఇచ్చింది.
యుద్ధం ఊసెత్తలేదు.
తన గాడిదకి ఎడమ చెవి వినపడదని చెప్పింది.

తెల్లారి గాలి చిక్కబడ్డాక వచ్చారు.
నేలరేకు ఎవరో కడిగేశారు,
నా బకెట్టు చోటు మారి ఉంది.
కుర్రాడు ఏమయ్యాడని తొగోయ్‌ని అడిగాను.
ఇంజను చప్పుడుకి వినపడలేదనుకుంటాను.

నెలాఖరున లెక్కల అధికారి
పుస్తకంలో ఒక వరస మీద వేలు పెట్టాడు.
"ముప్పై ఎనిమిది కిలోలు. ఏం సరుకు?"

పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను,
ములుకు విరిగిందాకా.